పొర తొలగిన తరువాత... - డాక్టర్ విలియం చెసెల్డెన్ జీవితం

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, జాషువా వంటి వారి గురించి మన సీనియర్లు చాలా చక్కగా రాశారు. ఈసారి మనలో చాలామంది పేరు కూడా వినని ఒక వైద్యుని గురించి రాయాలనిపించింది. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడు కాదు. చనిపోయి 270 సంవత్సరాలు దాటింది. అయినా ఆయన కథ చదివాక మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నాకు మొదటిసారి అర్థమైంది. అందుకే రాస్తున్నాను.

మా చిన్నాన్న కూతురికి పుట్టినప్పటి నుంచి రెండు కంటిపాపల్లోనూ తెల్లగా ఉండేది. కంట్లో పువ్వు వేసింది, పెద్దయితే అదే పోతుంది అన్నారు ఊళ్ళో వాళ్ళు. పిన్ని, చిన్నాన్న ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. ఒక రోజు పని మానితే ఒక రోజు పొయ్యి వెలగదు. ఆఖరికి పాపకు అయిదో ఏడు వచ్చాక పట్నంలో ఆపరేషన్ చేయించారు. తెలుపు పోయింది. కంటిపాప నల్లగా మిలమిలా మెరిసింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. కానీ బడిలో వేశాక మొదటి బెంచీలో కూర్చున్నా దానికి బోర్డు మీద అక్షరాలు కనిపించలేదు. డాక్టర్లు సరిగా చేయలేదని చిన్నాన్న అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పీజీలో సైకాలజీ తీసుకున్నాక ఒక రోజు క్లాసులో చెసెల్డెన్ అనే పేరు విన్నాను. లైబ్రరీలో వెతికి చదివాను. మేము అనుకున్నది తప్పని అప్పుడు తెలిసింది.

బాల్యం - విద్య

విలియం చెసెల్డెన్ 1688 అక్టోబరు 19న ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ ప్రాంతంలో సోమర్‌బీ అనే పల్లెటూరిలో జన్మించారు. పశుపోషణ చేసే కలిగిన కుటుంబం వారిది. అయితే ఆయన ఏ యూనివర్సిటీలోనూ డిగ్రీ చదవలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో మందులిచ్చే వైద్యుడు వేరు, కత్తి పట్టే వైద్యుడు వేరు. మందులిచ్చేవాడు లాటిన్ చదివిన పెద్దమనిషి. కత్తి పట్టేవాడు చేతిపని వాడు. అందుకే శస్త్రవైద్యులూ, క్షురకులూ ఒకే సంఘంలో ఉండేవారు. 1540 నుంచి అదే పద్ధతి. చేతితో చేసే పనిని తక్కువ చేసి చూడడం ఒక్క మన దేశంలోనే కాదన్నమాట.

చెసెల్డెన్ చిన్న వయసులోనే లండన్ చేరి విలియం కౌపర్ అనే ప్రసిద్ధ శరీర శాస్త్రజ్ఞుని దగ్గర పాఠాలు నేర్చుకున్నారు. సెయింట్ థామస్ ఆసుపత్రిలో జేమ్స్ ఫెర్న్ అనే సర్జన్ దగ్గర శిష్యరికం చేశారు. 1711 నాటికి తానే శరీర నిర్మాణ శాస్త్రం మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు మన పీజీ విద్యార్థుల వయసే. 1712లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. న్యూటన్ అధ్యక్షుడుగా ఉన్న సొసైటీ అది.

1713లో ఆయన మానవ శరీర నిర్మాణంపై ఒక పుస్తకం రాశారు. దాని గొప్పతనం ఏమిటంటే, దాన్ని లాటిన్‌లో కాకుండా ఇంగ్లీషులో రాశారు. లాటిన్ రాని పేద శిష్యులు కూడా చదువుకోగలిగారు. అది 13 ముద్రణలు పొందింది. ఇంగ్లీషు మీడియం పుస్తకాలు ముందు పెట్టుకుని డిక్షనరీతో కుస్తీ పట్టిన మనకు, తన భాషలో పాఠం దొరకడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

అయితే ఆయన దారి పూలబాట కాదు. శవాలను కోసి పాఠం చెప్పాలంటే ఆ రోజుల్లో సంఘం అనుమతి కావాలి. ఉరి తీసిన ఖైదీల శవాలను అనుమతి లేకుండా తన ఇంట్లో కోసి పాఠాలు చెబుతున్నారని 1714లో ఆ సంఘం వారు ఆయన్ను పిలిచి మందలించారు.

చేతి నైపుణ్యం

తరువాత కొన్నేళ్ళకు ఆయన సెయింట్ థామస్ ఆసుపత్రిలో సర్జన్ అయ్యారు. మొదట ఆయనకు పేరు తెచ్చినది మూత్రాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్. అప్పటికి మత్తుమందు లేదు. ఈథర్ మత్తు 1846లో గాని రాలేదు. రోగిని నలుగురు గట్టిగా పట్టుకుంటే మెలకువలోనే కోయాలి. ఎంత ఆలస్యమైతే అంత నరకం. చెసెల్డెన్ ఈ ఆపరేషన్‌ను నిమిషం అటూ ఇటూగా పూర్తి చేసేవారు. 1727 నుంచి పక్క నుంచి కోసే కొత్త పద్ధతిని అభివృద్ధి చేశారు. తాను చేసిన 213 మందిలో 20 మంది చనిపోయారని ఆయనే లెక్క రాసి పెట్టారు. బతికిన వారిని గొప్పగా చెప్పుకోవడం అందరూ చేస్తారు. చనిపోయిన వారిని కూడా లెక్క కట్టి అచ్చు వేయించడం ఆయన గొప్పతనం.

1727లో ఆయన కరోలిన్ రాణికి సర్జన్‌గా నియమితులయ్యారు. అదే సంవత్సరం న్యూటన్ చివరి జబ్బులో ఆయనకు వైద్యం చేసిన వారిలో కూడా చెసెల్డెన్ ఉన్నారు.

ఒక ప్రశ్న

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. చెసెల్డెన్ పుట్టిన 1688లోనే ఐర్లండులోని డబ్లిన్ నగరంలో విలియం మోలినో అనే పండితుడు ఒక ప్రశ్న వేశాడు. పుట్టుగుడ్డివాడు ఒకడు చేతితో తడిమి బంతి ఏదో, నలుపలకల దిమ్మె ఏదో గుర్తుపట్టగలడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, ముట్టుకోకుండా కేవలం చూసి ఏది ఏదో చెప్పగలడా? ఇదీ ఆ ప్రశ్న. మోలినో భార్యకు చూపు లేదు. బహుశా అందుకే ఆయనకు ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. జాన్ లాక్ అనే తత్వవేత్త 1694లో తన పుస్తకం రెండో ముద్రణలో ఈ ప్రశ్నను చేర్చాడు. చెప్పలేడనే ఇద్దరూ అన్నారు. కానీ అది ఊహ మాత్రమే. పరీక్షించి చూసిన వాళ్ళు లేరు.

ఆ అబ్బాయి

1728లో చెసెల్డెన్ రాయల్ సొసైటీ పత్రికలో నాలుగు పేజీల చిన్న వ్యాసం రాశారు. ఒక అబ్బాయికి పుట్టుకతోనో, లేదా జ్ఞాపకం లేనంత పసితనంలోనో కళ్ళకు శుక్లాలు వచ్చాయి. వయసు 13, 14 మధ్య. పగలుకూ రాత్రికీ తేడా తెలుసు. మంచి వెలుతురులో తెలుపు, నలుపు, ఎరుపు తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు.

శుక్లం అంటే ఏమిటో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కంటిపాప వెనుక ఒక సహజమైన కటకం ఉంటుంది. అది అద్దంలా తేటగా ఉండాలి. అది పాలలా తెల్లబడితే వెలుతురు లోపలికి పోదు. అదే శుక్లం. ముసలితనంలో వచ్చేది మనందరికీ తెలుసు. కొందరు పిల్లలు దానితోనే పుడతారు. చెసెల్డెన్ కాలంలో సన్నని సూదిని కంట్లోకి గుచ్చి ఆ తెల్లబడిన కటకాన్ని చూపు దారి నుంచి కిందికి నెట్టేసేవారు. ఇది చాలా పాత పద్ధతి. మన సుశ్రుత సంహితలో కూడా దీని వర్ణన ఉంది. కటకాన్ని బయటికి తీసే పద్ధతి 1747లో ఫ్రాన్సులో జాక్ డావియెల్ మొదలుపెట్టారు.

చెసెల్డెన్ ఆ అబ్బాయికి మొదట ఒక కంటికే ఆపరేషన్ చేశారు. వెలుతురు లోపలికి వెళ్ళింది. మరి ఏమైంది?

సినిమాలో కట్టు విప్పగానే హీరోయిన్ ఎదురుగా ఉన్న అమ్మను చూసి గుర్తుపట్టి ఏడుస్తుంది. నిజంగా జరిగింది అది కాదు. ఆ అబ్బాయికి కనిపించిన వస్తువులన్నీ తన కంటికి అంటుకుని ఉన్నట్లు అనిపించాయి. ఏది దగ్గరో ఏది దూరమో తెలియలేదు. ఏ వస్తువు ఆకారమూ తెలియలేదు. చేతితో తడిమితే బాగా తెలిసిన వస్తువులే, కంటితో చూస్తే కొత్తవి. రోజూ ఎన్నో కొత్త విషయాలు నేర్చుకుని, అంతలోనే మర్చిపోయేవాడు. ఇంట్లో పిల్లి ఏదో కుక్క ఏదో మాటిమాటికీ మర్చిపోయేవాడు. అడగడానికి సిగ్గు. ఒక రోజు పిల్లిని పట్టుకున్నాడు. తడిమితే అది పిల్లి అని తెలుసు. దాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు తేరిపార చూసి, ఈసారి నిన్ను మర్చిపోను అన్నట్లు చెప్పి కిందికి దించాడు.

మిత్రులారా, ఈ ఒక్క వాక్యం చదివి నేను పుస్తకం మూసేశాను. మా చెల్లి కూడా ఆపరేషన్ అయిన కొత్తలో చెంబును చేత్తో తడిమి, తరువాత దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసేది. పిచ్చి చేష్టలని మేము నవ్వాం.

ఆ అబ్బాయికి బొమ్మలు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా అవి రంగులు పూసిన పలకలు మాత్రమే. బొమ్మలో మనుషులు, వస్తువులు ఉన్నాయని తెలిశాక చేత్తో తడిమి చూశాడు. ఎత్తుపల్లాలు తగలలేదు. అబద్ధం చెబుతున్నది కన్నా, చెయ్యా అని అడిగాడు. వాళ్ళ అమ్మ గడియారంలో ఉన్న నాన్న చిన్న బొమ్మ చూసి, అంత పెద్ద ముఖం ఇంత చిన్న చోటులో ఎలా పట్టిందని ఆశ్చర్యపోయాడు. తానున్న గది ఇంటిలో ఒక భాగమని తెలుసు. కానీ ఇల్లు గది కంటే పెద్దగా కనిపిస్తుందని ఊహించలేకపోయాడు. ఏడాది తరువాత ఎప్సమ్ మైదానాలకు తీసుకువెళితే విశాలమైన ఆ దృశ్యం చూసి ఎంతో ఆనందించాడు. తరువాత రెండో కంటికి కూడా ఆపరేషన్ చేశారు.

ఇలా పసితనం నుంచి చూపు లేని మరికొందరికి కూడా చూపు తెప్పించినట్లు చెసెల్డెన్ తరువాత రాశారు. వాళ్ళందరిలో ఒక సంగతి ఆయన గమనించారు. కళ్ళను తిప్పే అవసరం ఎన్నడూ రాలేదు కనుక వాళ్ళకు కళ్ళు తిప్పడమే తెలియదు. ఒక వస్తువు మీద చూపు నిలపడం నెమ్మది నెమ్మదిగా నేర్చుకోవలసి వచ్చింది.

మోలినో ప్రశ్నకు ఇదే జవాబని యూరప్ అంతా అనుకున్నారు. 1738లో వోల్టేర్ న్యూటన్ సిద్ధాంతాలపై రాసిన పుస్తకంలో ఈ అబ్బాయి కథను చేర్చాడు. కన్ను తెరుచుకున్నంత మాత్రాన చూపు రాదు, చూడడం నేర్చుకోవాలి అని లోకానికి తెలిసింది.

ఆయన తెలుసుకోలేనిది

నేర్చుకోవడానికి కూడా ఒక వయసు ఉందన్న సంగతి తెలియడానికి మరో 230 ఏళ్ళు పట్టింది. 1960లలో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లి కూనల మీద ప్రయోగాలు చేశారు. కూన ఒక కంటిని మొదటి నెలల్లో మూసి ఉంచి తరువాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు ఆ కంటి మాట వినడం లేదు. అదే పెద్ద పిల్లి కన్ను అన్నాళ్ళూ మూసినా ఏమీ కాలేదు. పుట్టిన తొలి రోజుల్లో కంటి నుంచి మెదడుకు దారులు పడతాయి. నడిచే దారిలోనే బాట పడుతుంది, నడవని దారిలో ముళ్ళచెట్లు మొలుస్తాయి. 1981లో వీరికి నోబెల్ బహుమతి వచ్చింది.

అందుకే నేటి వైద్యులు పుట్టుశుక్లం విషయంలో వారాలు లెక్కపెడతారు. ఒక కంట్లోనే ఉంటే సుమారు 6 వారాల వయసులో, రెండు కళ్ళలోనూ ఉంటే సుమారు 8 నుంచి 10 వారాల లోపు ఆపరేషన్ చేస్తే ఫలితం బాగుంటుంది. అయిదేళ్ళు కాదు, నెలలు కూడా కాదు, వారాలు! ఈ మాట చదివినప్పుడు నాకు డాక్టరు మీద కోపం పోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చిన్నాన్నకు చెప్పిన వాళ్ళు ఎవరూ లేరు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. అప్పటికి నేనూ చిన్నవాణ్ణే.

సమయానికి చేసినా ఆపరేషన్‌తో కథ ముగియదు. అమెరికాలో ఒక కంటి శుక్లంతో పుట్టిన 114 మంది పసిపిల్లలకు 1 నుంచి 6 నెలల వయసులో ఆపరేషన్ చేసి, వాళ్ళకు పదిన్నర ఏళ్ళు వచ్చేదాకా గమనించారు. 2020లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ అయిన కంటిలో 6/12 లేక అంతకంటే మంచి చూపు వచ్చింది నాలుగో వంతు పిల్లలకే. దాదాపు సగం మందికి 6/60 లేక అంతకంటే తక్కువ చూపే మిగిలింది. లోపల కృత్రిమ కటకం పెట్టినా, పైన కాంటాక్టు లెన్సు పెట్టినా చూపులో పెద్ద తేడా లేదు. సుమారు అయిదో వంతు పిల్లలకు ఆ కంటికి గ్లకోమా కూడా వచ్చింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు అది. రెండు కళ్ళలో ఉన్న పిల్లలకు సమయానికి చేస్తే ఫలితాలు సాధారణంగా ఇంతకంటే మెరుగు.

ఈ లెక్కలు భయపెట్టడానికి కాదు. ఆపరేషన్ తరువాత అద్దాలు పెట్టాలి, ఒక కంటికే లోపముంటే మంచి కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచీ కట్టి బలహీనమైన కంటితో చూపించాలి, ఏళ్ళ తరబడి పరీక్షలకు తీసుకువెళ్ళాలి. మా చెల్లి అద్దాలు పగిలితే ఎనిమిది నెలలు కొత్తవి కొనలేదు. ఆపరేషన్ అయిపోయింది కదా అనుకున్నాం.

ఆలస్యమైతే ఇక ఆశ లేదా? ఉంది. ఢిల్లీలో పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త బృందం 8 నుంచి 17 ఏళ్ళ మధ్య చూపు వచ్చిన అయిదుగురు పిల్లలను మోలినో ప్రశ్నతోనే పరీక్షించింది. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. తడిమిన వస్తువును చూసి వెంటనే గుర్తుపట్టలేకపోయారు. కానీ కొన్ని రోజుల్లోనే నేర్చుకున్నారు. సూక్ష్మమైన చూపు పూర్తిగా రాదు గాని, నడవడానికి, మనుషులను గుర్తుపట్టడానికి పనికొచ్చే చూపు వస్తుంది. కాబట్టి ఆలస్యమైందని మానేయకూడదు.

చివరి రోజులు

చెసెల్డెన్ 1728లోనే కంటిపాప మూసుకుపోయిన వారికి కొత్త రంధ్రం చేసే ఆపరేషన్ గురించి కూడా రాశారు. 1733లో ఎముకల మీద అద్భుతమైన బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చువేశారు. సరిగా అమ్ముడుపోక నష్టం వచ్చింది. ఆయనలో లోపాలు లేకపోలేదు. ఉరిశిక్ష పడిన ఒక ఖైదీకి క్షమాభిక్ష ఇప్పించి, బదులుగా అతని కర్ణభేరికి రంధ్రం చేసి వినికిడి ఏమవుతుందో చూడాలనుకున్నారు. జనం గోల చేయడంతో అది ఆగింది. జనం చేసింది మంచి పని. ప్రాణం తాకట్టులో ఉన్నవాడి అంగీకారం అంగీకారం కాదు.

1737లో ఆయన చెల్సీలోని సైనికుల ఆసుపత్రికి మారారు. శస్త్రవైద్యులకు వేరే సంఘం కావాలని కృషి చేసిన వారిలో ఆయన ముఖ్యులు. 1745లో అది సాధ్యమైంది. మరుసటి ఏడాది ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు. చేతిపని అని తక్కువ చేసిన వృత్తికి గౌరవం దక్కింది. 1752 ఏప్రిల్ 10న బాత్ నగరంలో కన్నుమూశారు. చెల్సీలో సమాధి చేశారు. ఆయన పనిచేసిన అదే సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1949లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు లోకంలో మొదటిసారిగా కంటిలో కృత్రిమ కటకం అమర్చారు.

మనం చేయగలిగింది

తమ్ముళ్ళూ, దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్ళినప్పుడు చుట్టుపక్కల పసిపిల్లల కళ్ళలోకి ఒకసారి చూడండి. కంటిపాప తెల్లగా ఉన్నా, కళ్ళు అదే పనిగా కదులుతున్నా, మూడు నెలలు వచ్చినా బిడ్డ తల్లి ముఖం చూడకపోయినా, మెల్లకన్ను ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఫోనులో ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా వచ్చినా అంతే. తెలుపు కొన్నిసార్లు కంటి గడ్డ కూడా కావచ్చు, అది ప్రాణానికే ముప్పు. పువ్వు అదే పోతుందని ఎవరు చెప్పినా వినవద్దు. ఏఎన్ఎంకో ఆశా అక్కకో చెప్పండి. 2013లో మొదలైన జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమంలో పుట్టుశుక్లం కూడా ఉంది. పిల్లలకు వేయించే మీజిల్స్-రుబెల్లా టీకా మానవద్దు. గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా వస్తే బిడ్డకు శుక్లాలు వస్తాయని 1941లోనే ఆస్ట్రేలియా వైద్యుడు నార్మన్ గ్రెగ్ కనుగొన్నారు.

మన హాస్టల్లో దగ్గరగా పెట్టుకుని చదివే తమ్ముడుంటే గుడ్డోడా అని పిలవకండి. అతనికి ట్యూబులైటు కింద చోటు వదలండి. మా చెల్లి ఇప్పుడు ఏడో తరగతి. భూతద్దం పెట్టుకుని చదువుతుంది, పరీక్షలో పెద్ద అక్షరాల పేపరు అడిగి తీసుకుంటుంది. మొన్న సెలవుల్లో నేను దానికి చెసెల్డెన్ కథ చెప్పాను. పిల్లి దగ్గర నవ్వింది. తరువాత ఆ అబ్బాయి చివరికి చదువుకున్నాడా అన్నా అని అడిగింది. వ్యాసంలో అది లేదని చెప్పాను. అయితే నువ్వు నా గురించి రాసేటప్పుడు అది రాయి అంది.

రాస్తున్నాను. చదువుకుంటోంది.